సెలవుల్లో మిషన్ ఆపేయాలా?

ప్రశ్న: మాది విజయవాడ. ఇంట్లోనే బ్లౌజులు కుడతాను, మగ్గం వర్క్ కూడా చేస్తాను. పాపకు 10 ఏళ్లు, బాబుకు 5. బడి ఉన్నన్నాళ్లూ బాగానే సాగుతుంది. వేసవి సెలవులు వచ్చాయంటే పెళ్లి ఆర్డర్లు, పిల్లల అల్లరి ఒకేసారి మీద పడతాయి. పోయినేడాది ఇద్దరికి ముహూర్తం ముందురోజు రాత్రి బ్లౌజులు ఇచ్చి మాటలు పడ్డాను. ఈసారి రెండు నెలలు మానేయమని అత్తయ్య అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మానేయకండమ్మా. మీ అత్తయ్యగారు మీ అవస్థ చూడలేకే అని ఉంటారు. కానీ పెళ్లి బ్లౌజు పట్టుకొచ్చి, మీరు కుట్టడం లేదని తెలిసి పక్కవీధిలో కొలతలు ఇచ్చిన మనిషి శ్రావణంలో మళ్లీ మీ గడప తొక్కుతుందన్న నమ్మకం లేదు. చేతి కుట్టు నచ్చితే ఆడవాళ్లు ఆ టైలర్‌ని అంత తేలిగ్గా వదలరు. మీ నుంచి వెళ్లిపోయినా అంతే.

అలాగని బడి రోజుల్లో కుట్టినన్ని సెలవుల్లోనూ కుడతానని ఒప్పుకుంటే మళ్లీ పోయినేడాదే. సెలవులు సాధారణంగా ఏప్రిల్ 24 ప్రాంతంలో మొదలై, జూన్ 12న బడి తెరుస్తారు. అంటే 7 వారాలు. పిల్లలు లేవకముందు 5 నుంచి 8 దాకా, మధ్యాహ్నం అన్నాలయ్యాక వాళ్లు పడుకునే వేళ మరో రెండు గంటలు. రోజుకు మీ చేతిలో నిజంగా ఉండేది ఈ 5 గంటలే. కటింగ్‌తో కలిపి లైనింగ్ బ్లౌజుకు 2 గంటలు వేసుకుంటే రోజుకు రెండు, మిగిలిన గంట లూజు, టైటు సరిచేయడానికి. వారానికి 6 రోజులు పనిచేస్తే 84. జ్వరాలు, కరెంటు కోతలు, చుట్టాలు తీసేసి 70 దగ్గర పుస్తకం మూసేయండి. ఒక్కో బ్లౌజుకు మీకు పట్టే టైము వేరైతే లెక్క మార్చుకోండి. అంకె మాత్రం ఏప్రిల్ మొదట్లోనే గోడ మీద రాసి ఉండాలి.

ఇక ఏ వారం ఎంత పని అన్నది పంచాంగం చెబుతుంది. మీ వృత్తికి అంతకన్నా మంచి క్యాలెండరు లేదు. వైశాఖ, జ్యేష్ఠాల్లో ముహూర్తాలు ఎక్కడ గుంపుగా ఉన్నాయో ఎర్ర పెన్నుతో చుట్టండి. మధ్యలో మూఢం గానీ అధిక మాసం గానీ పడితే ఆ రోజులు తేలిక. ఎర్ర గీతలకు ముందు రెండు వారాలే మీకు గండం. పిల్లల్ని అమ్మమ్మగారింటికి పంపేది అప్పుడే. సెలవులిచ్చిన మర్నాడే పంపేసి, సరిగ్గా రద్దీ మొదలయ్యేసరికి తిరిగి తెచ్చుకునేవాళ్లను చాలామందిని చూశాను. మగ్గం పని మొత్తం ఆ రెండు వారాల్లో పెట్టుకోండి. గుడ్డ బిగించిన మగ్గం చుట్టూ ఐదేళ్లవాడు పరుగులు పెడుతుంటే జర్దోసీ సాగదు. పైగా పూసలు, కుందన్లు ఆ వయసు పిల్లలు ముక్కులోనో చెవిలోనో పెట్టుకుంటారు. మూత గట్టిగా ఉన్న డబ్బాల్లో అటక మీద ఉంచండి.

పిల్లలు మెలకువగా ఉన్నప్పుడు మధ్యలో ఆపినా పాడవని పనులు చేసుకోండి. హుక్స్, ఫాల్స్, దారాలు కత్తిరించడం, కస్టమర్లతో ఫోన్లు. సూదిలో దారం ఎక్కించేటప్పుడు మోటారు స్విచ్ ఆపడం అలవాటు చేసుకోండి. బాబు ఆడుతూ ఆడుతూ వచ్చి పెడల్ నొక్కితే సూది దిగేది మీ వేలిలోకే. వాడి నోరు మూయించడానికి ఫోన్ చేతికివ్వకండి. మీ ఆర్డర్లు వచ్చేది కూడా ఆ ఫోన్‌కే, మెడ డిజైన్ ఫోటోతో సహా చెరిపేస్తాడు.

పాప గురించి ఒక మాట గట్టిగానే చెప్పాలి. "తమ్ముణ్ణి చూసుకో" అని రోజంతా ఆమె మీద వదలకండి. 2016లో సవరించిన బాలకార్మిక చట్టం ప్రకారం, ప్రమాదం లేని ఇంటి పనిలో పిల్లలు సెలవుల్లో చేయి వేయవచ్చు. చట్టం ఒప్పుకుంది కదా అని మీ లెక్కలో ఆ పిల్లను పనిమనిషిగా కలపొద్దు. ఇష్టపడితే సాయంత్రం పావుగంట ఆర్డర్ల పుస్తకంలో పేర్లు, తేదీలు రాయనివ్వండి. ఆమె దస్తూరీ మీకూ పనికొస్తుంది. ఆదివారం పిల్లల్ని చూసుకునే వంతు వాళ్ల నాన్నది. ఆ రోజు మీరు మిషన్ దగ్గర కూర్చోనక్కర్లేదు, నిద్రపోండి.

కొత్త మిషన్, అప్పు ఆలోచనలు ఆషాఢానికి వాయిదా వేయండి. అప్పుడు ముహూర్తాలుండవు, బడులూ తెరిచి ఉంటాయి. 2023లో వచ్చిన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో దర్జీ పని కూడా ఉంది. అర్హులకు పనిముట్ల కోసం 15,000 రూపాయల దాకా సాయం, 5 శాతం వడ్డీకి రెండు విడతల్లో 3 లక్షల వరకు అప్పు. మీకు వర్తిస్తుందో లేదో కామన్ సర్వీస్ సెంటర్‌లో అడగండి.

ఈ రాత్రికి మాత్రం మీ పాత కస్టమర్లందరికీ వాట్సాప్‌లో ఇలా పెట్టండి: "ఈ వేసవికి 70 బ్లౌజులే తీసుకుంటున్నాను. ముహూర్తానికి 15 రోజుల ముందు గుడ్డ, సగం డబ్బులు ఇచ్చినవాళ్లవి 3 రోజుల ముందే ఇస్తాను."