పాలిచ్చే తల్లి బరువు తగ్గాలంటే పూట మానేయాలా?

ప్రశ్న: నా వయసు 29 ఏళ్లు. మాది కరీంనగర్. నాలుగు నెలల కిందట సిజేరియన్‌తో పాప పుట్టింది. తల్లిపాలే ఇస్తున్నాను. నా ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు. గర్భం రాకముందు 62 కిలోలు ఉండేదాన్ని, కాన్పు నాటికి 76 అయ్యాను, ఇప్పుడు 71 దగ్గర ఆగిపోయాను. ఏడో నెలలో షుగర్ ఉందన్నారు. మందుల్లేకుండా తిండితోనే అదుపులో ఉంచారు. కాన్పు తర్వాత మళ్లీ చూపించుకోలేదు. పాలిస్తే బరువు దానంతటదే తగ్గుతుందన్నారు కానీ తగ్గడం లేదు. ఒక స్నేహితురాలు రోజుకు 16 గంటలు ఏమీ తినకుండా ఉండమంటోంది. ఇంకొకామె కీటో డైట్ మంచిదని చెప్పి, ఏదో షేక్ పౌడర్ కూడా తెచ్చి ఇచ్చింది. అమ్మ మాత్రం తక్కువ తింటే పాలు ఎండిపోతాయని నెయ్యి అన్నం, లడ్డూలు పెడుతోంది. ఎవరి మాట వినాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: ముందుగా బరువు సంగతి పక్కన పెట్టి షుగర్ గురించి మాట్లాడతాను. గర్భిణిగా ఉన్నప్పుడు షుగర్ వచ్చినవారికి కాన్పు కాగానే అది చాలావరకు మామూలు స్థాయికి వస్తుంది. అందుకే ఇంట్లో అందరూ దాన్ని మర్చిపోతారు. కానీ ఇలాంటి మహిళలకు ముందుముందు మధుమేహం వచ్చే అవకాశం మిగతావారికంటే కనీసం ఏడు రెట్లు ఎక్కువ. కాన్పయిన ఆరు వారాలకు చేయించాల్సిన పరీక్ష మీకు ఇంకా కాలేదు. ఈ వారంలోనే చేయించుకోండి. రాత్రి భోజనం తర్వాత ఏమీ తినకుండా పొద్దున ల్యాబ్‌కు వెళ్తే ఒకసారి రక్తం తీస్తారు. తర్వాత 75 గ్రాముల గ్లూకోజ్ కలిపిన నీళ్లు తాగించి, రెండు గంటలకు మళ్లీ తీస్తారు. మధ్యలో పాపకు పాలివ్వచ్చు, ఇబ్బందేమీ లేదు. పరగడుపున 126 లేదా అంతకు మించి ఉన్నా, రెండు గంటల తర్వాత 200 లేదా అంతకు మించి ఉన్నా మధుమేహం ఉన్నట్టే. రెండోది 140 నుంచి 199 మధ్య ఉంటే అంచున ఉన్నారని అర్థం. ఒకవేళ మందు అవసరమైనా పాలు మాన్పించాల్సిన పని లేదు. మెట్‌ఫార్మిన్, ఇన్సులిన్ రెండూ పాలిచ్చే తల్లులు వాడదగ్గవే. ఫలితం బాగానే వచ్చినా ఏడాదికోసారి షుగర్ చూపించుకుంటూ ఉండండి.

అదే రక్తంతో టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ పరీక్ష, హిమోగ్లోబిన్ కూడా చూడమని అడగండి. కాన్పు తర్వాత మొదటి ఏడాదిలో కొందరికి థైరాయిడ్ మందగిస్తుంది. ఆ నీరసాన్ని బాలింత నీరసమే అనుకుని ఊరుకుంటారు. బరువు తగ్గకపోవడానికి అదే కారణమైతే ఎంత కడుపు మాడ్చుకున్నా లాభం ఉండదు.

ఇక మీ లెక్కలు చూద్దాం. 76 నుంచి 71కి వచ్చారు. ఆ ఐదు కిలోలు దాదాపుగా బిడ్డ, మాయ, ఉమ్మనీరు, ఒంట్లో చేరిన నీటి బరువే. అంటే నాలుగు నెలల్లో కరిగిన కొవ్వు లేదనే చెప్పాలి. పాలివ్వడానికి శక్తి ఖర్చవుతుందన్నది నిజమే. పాల కోసం మొదటి ఆరు నెలలు రోజుకు 600 కేలరీలు అదనంగా కావాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. అయితే పాలు తయారయ్యే రోజుల్లో తల్లికి ఆకలి కూడా అదే స్థాయిలో పెరుగుతుంది. దానికి తోడు నిద్ర చెడితే తీపి మీదికి, నూనె వంటల మీదికి మనసు పోతుంది. పాపకు రాత్రి మూడుసార్లు లేచే తల్లికి ఇది చేతకానితనం కాదు, శరీర ధర్మం. ఇంత ఆకలి మధ్య ఇంట్లో లడ్డూల డబ్బా అందుబాటులో ఉంటే, పాల ద్వారా పోయేదంతా నోటి ద్వారా తిరిగి చేరిపోతుంది.

మీ అమ్మగారి మాటలో సగం నిజముంది. తల్లి బాగా మాడితే పాలు తగ్గుతాయి. కానీ నెయ్యి పెంచితే పాలు పెరగవు. పాలు పెరగాలంటే బిడ్డ తరచుగా, సరిగ్గా రొమ్ము పట్టుకుని తాగాలి. ఎంత ఖాళీ అయితే అంత తయారవుతుంది. ఒక టేబుల్ స్పూన్ నెయ్యిలో సుమారు 120 కేలరీలు ఉంటాయి. కాస్త పెద్ద సైజు సున్నుండో, డ్రైఫ్రూట్ లడ్డూవో అయితే ఒక్కటే 200 దాకా వెళ్తుంది. పూటకు రెండు స్పూన్ల నెయ్యి, రోజుకు మూడు లడ్డూలు అంటే అచ్చంగా ఒక పెద్ద భోజనం అదనంగా తిన్నట్టే. ఇదంతా ఆవిడ ప్రేమతో పెడుతున్నదే. ఒకప్పుడు కాన్పయ్యేసరికి ఎముకల గూడులా మిగిలే ఆడవాళ్లకు, ఆ తర్వాత కొన్నాళ్లకే పొలం పనికి వెళ్లేవాళ్లకు ఆ పథ్యం ప్రాణం నిలిపింది. ఇప్పటికే 9 కిలోలు ఎక్కువున్న, ఒకసారి షుగర్ వచ్చిన మీకు అది సరిపడదు. ఈ మాట డాక్టరు చెప్పారని నేరుగా ఆవిడకే చదివి వినిపించండి.

స్నేహితురాళ్ల సలహాల విషయంలో మాత్రం నేను గట్టిగా వద్దనే చెబుతాను. మీ పాలలో పాపకు రోజుకు 50 గ్రాములకు పైగా లాక్టోజ్ అనే చక్కెర వెళ్తుంది. అది మీ రక్తంలోని గ్లూకోజ్ నుంచే తయారవుతుంది. కీటోలో పిండి పదార్థాలు దాదాపు పూర్తిగా ఆపేస్తారు. ఖర్చు ఆగకుండా రాబడి ఆగితే శరీరం కొవ్వును విపరీతంగా కరిగిస్తుంది, రక్తంలో ఆమ్లాలు పేరుకుంటాయి. మధుమేహం లేని బాలింతలు కూడా ఇలా వాంతులు, ఆయాసంతో ఆస్పత్రి పాలైన సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. 16 గంటల ఉపవాసానికీ ఇది సమయం కాదు. రాత్రి ఎనిమిదికి తిని పొద్దున ఏడుకో ఎనిమిదికో తినడంలో తప్పు లేదు. అర్ధరాత్రి పాలిచ్చాక ఆకలేస్తే గ్లాసు పాలు తాగండి, పట్టుదలకు పోవద్దు.

షేక్ పౌడర్లు, 'ఫ్యాట్ బర్నర్' మాత్రలు, గార్సీనియా అనే కాయ సారం, గ్రీన్ టీ ఎక్స్‌ట్రాక్ట్‌లు పాలిచ్చే తల్లికి సురక్షితమని చెప్పడానికి ఆధారాలు లేవు. కొన్నిటిలో కెఫీన్ ఎక్కువుంటుంది. కొన్నిటిలో ఏముందో డబ్బా మీద ఉండదు. ఈ మధ్య అందరి నోటా వినిపిస్తున్న, వారానికోసారి పొడుచుకునే బరువు తగ్గించే ఇంజెక్షన్లు కూడా మీకు ఇప్పుడు పనికిరావు.

మరి ఏం తినాలి? ఇంటిపట్టున ఉండే మామూలు మహిళకు పోషకాహార సంస్థ లెక్క 1,660 కేలరీలు. దానికి పాల కోసం 600 కలిపితే 2,260. ఇందులోంచి రోజుకు 300 నుంచి 400 తగ్గించడం చాలు. ఏ రోజూ 1,800కు దిగొద్దు. రోజూ కేలరీలు లెక్కపెట్టుకుంటూ కూర్చోమని నా ఉద్దేశం కాదు. లడ్డూలు మానేసి, నెయ్యి పూటకు ఒక చిన్న చెంచాకు దించి, రెండోసారి వడ్డించుకునే అన్నం ఆపితే ఆ 400 అక్కడే పోతాయి. పప్పు, గుడ్లు, పాలు, పెరుగు, కూరలు మాత్రం తగ్గించకండి. చాలామంది దీన్నే తలకిందులు చేస్తారు. డైట్ పేరుతో కూర తగ్గించి, పచ్చడి మెతుకులతో సరిపెట్టుకుంటారు.

పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు రోజుకు 17 గ్రాముల ప్రోటీన్ అదనంగా కావాలి. రెండు గుడ్లు, ఒక గ్లాసు పాలతో అది వచ్చేస్తుంది. పొద్దున పెసరట్టు గానీ రెండు ఇడ్లీలకు తోడు గుడ్డు గానీ పెట్టుకోండి. మధ్యాహ్నం కప్పున్నర అన్నం, దానికి సమానంగా కూర, గిన్నెడు పప్పు, పెరుగు. సాయంత్రం బిస్కెట్లకు బదులు శనగ గుడాలో, ఒక జామకాయో తీసుకోండి. రాత్రికి జొన్న రొట్టె మీకు అలవాటే కాబట్టి అదే మేలు. ఆకుకూర గానీ చికెన్ గానీ దానికి తోడు ఉంటే కడుపు నిండుగా ఉంటుంది, షుగరూ ఒక్కసారిగా పెరగదు. చేప వారానికి రెండుసార్లు తినండి. పాలు పడతాయని బాలింతలకు సొర చేప పెట్టే అలవాటు కొన్నిచోట్ల ఉంది. దానిలో పాదరసం ఎక్కువ కాబట్టి అది వద్దు. చిన్న చేపలు మంచివి. మీరు పూర్తి శాకాహారులైతే రక్తంలో విటమిన్ బి12 చూపించుకోవడం తప్పనిసరి. తల్లికి లేని బి12 పాల ద్వారా బిడ్డకు అందదు, దాని ప్రభావం పాప ఎదుగుదల మీద, మెదడు మీద పడుతుంది.

బాలింత నీళ్లు తాగితే పొట్ట వస్తుందని కొన్ని ఇళ్లలో దాహమేసినా ఇవ్వరు. అది తప్పు. పాలిచ్చేందుకు కూర్చున్నప్పుడల్లా పక్కన నీళ్ల సీసా పెట్టుకోండి. పీహెచ్‌సీలో ఇచ్చే ఐరన్, కాల్షియం మాత్రలు కాన్పు తర్వాత ఆరు నెలల పాటు వాడాలి. ఐరన్, కాల్షియం ఒకేసారి మింగకుండా రెండు గంటల తేడా ఉంచండి.

వ్యాయామం విషయానికొస్తే, సిజేరియన్ అయి నాలుగు నెలలైంది కాబట్టి కుట్ల దగ్గర నొప్పి లేకపోతే నడక మొదలుపెట్టొచ్చు. మొదటి వారం రోజుకు పది నిమిషాలు చాలు, మెల్లగా వారానికి 150 నిమిషాలకు తీసుకురండి. పాపను తోపుడు బండిలో వేసుకునే నడవొచ్చు. వ్యాయామం చేస్తే పాలు పులిసిపోతాయన్న మాటను పట్టించుకోకండి. ఓ మోస్తరు వ్యాయామంతో పాల పరిమాణం గానీ బిడ్డ ఎదుగుదల గానీ తగ్గదు. పాలిచ్చాక బయల్దేరితే రొమ్ముల బరువు ఉండదు, హాయిగా నడుస్తారు.

పొట్టకు చుట్టే గుడ్డ కొవ్వును కరిగించదు. నడుముకు ఊతంగా కొద్దిసేపు వదులుగా కట్టుకుంటే సరే, బిగించి కడితే ఒత్తిడంతా కిందికి, గర్భసంచిని నిలబెట్టే కండరాల మీద పడుతుంది. వెల్లకిలా పడుకుని తల కాస్త పైకెత్తినప్పుడు బొడ్డు దగ్గర రెండు వేళ్లకంటే వెడల్పుగా సందు తగిలితే పొట్ట కండరాలు విడిపోయి ఉన్నట్టు. అప్పుడు వీడియోలు చూసి సిట్‌అప్స్ చేయకుండా ఫిజియోథెరపిస్టును కలవండి. మూత్రం ఆపుకున్నట్టుగా కండరాలు బిగించి వదిలే కీగల్ వ్యాయామం మాత్రం ఈరోజు నుంచే చేయొచ్చు, పాలిస్తూ కూడా చేయొచ్చు.

ఇలా చేస్తే నెలకు కిలోన్నర నుంచి రెండు కిలోలు తగ్గుతారు. పాప మొదటి పుట్టినరోజు నాటికి 62కు చేరడం సాధ్యమే. అంతకంటే వేగం, అంటే వారానికి అర కిలోకు మించి తగ్గడం, నెలల తరబడి సాగితే మంచిది కాదు. ఒక వారం ముల్లు కదలకపోతే కంగారుపడొద్దు. వారానికోసారి, ఒకే రోజు, పొద్దున్నే తూచుకోండి, అంతే చాలు. ఈ నెలల్లో జుట్టు కుచ్చులుగా రాలితే డైట్ వల్లే అనుకుని బెంగపడతారు. కాన్పయిన మూడో నెల నుంచి జుట్టు రాలడం సహజమే, కొన్ని నెలలకు తిరిగి వస్తుంది.

మీ తిండి సరిపోతోందో లేదో పాపే చెబుతుంది. రోజుకు ఆరుసార్లయినా మూత్రం పోయాలి, నెలనెలా అంగన్‌వాడీలో తూచినప్పుడు కార్డులోని గీత పైకి వెళ్లాలి. ఆ గీత అడ్డంగా తిరిగినా, పాప పాలు తాగాక కూడా ఏడుస్తున్నా, మీకు కళ్లు తిరిగినా ఆహారం తగ్గించడం అక్కడితో ఆపి పిల్లల డాక్టరును కలవండి. బరువు గురించే రోజంతా ఆలోచన, ఏడుపు, పాపను చూసినా ఆనందం లేకపోవడం రెండు వారాలు దాటితే దాన్ని కూడా జబ్బుగానే చూడాలి. టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు.

మరో రెండు నెలల్లో పాపకు జావ, మెత్తటి పప్పన్నం మొదలుపెడతారు. అప్పుడు పాలు కొంత తగ్గుతాయి, మీకు కావాల్సిన అదనపు ఆహారం కూడా 600 నుంచి 520 కేలరీలకు దిగుతుంది. పాప గిన్నెలో మిగిలింది పారేయలేక తల్లులు తినేయడం అప్పుడే మొదలవుతుంది, అక్కడ జాగ్రత్తపడండి. ఆ సమయానికి మీ పరీక్షల ఫలితాలు, బరువు రాసుకున్న కాగితం తీసుకుని మీ గైనకాలజిస్టు దగ్గరికి ఒకసారి వెళ్లండి. పిల్లల మధ్య ఎడం కోసం ఏ పద్ధతి వాడాలో కూడా అప్పుడే అడగండి. ఈస్ట్రోజెన్ ఉన్న మాత్రలు పాలను తగ్గించవచ్చు, మూడు నెలలకోసారి వేసే ఇంజెక్షన్‌తో కొందరికి బరువు పెరుగుతుంది. మీకు షుగర్ వచ్చిన సంగతి చెప్పి, కాపర్ టీ సరిపోతుందేమో మాట్లాడుకోవడం మంచిది.