పొద్దున మొరాయించే కారు, మధ్యాహ్నానికి మామూలే!

ప్రశ్న: మాది పాడేరు. బడికి వెళ్లిరావడానికి 2003 మోడల్ పెట్రోలు కారు వాడుతున్నాను. డిసెంబరు వచ్చిందంటే పొద్దున్న ఆరింటికి తాళం తిప్పగానే ఒక్కోరోజు ‘టక్’మని శబ్దం వచ్చి, డ్యాష్‌బోర్డు లైట్లన్నీ ఆరిపోతాయి. నాలుగైదుసార్లు తిప్పితే స్టార్టవుతుంది. మెకానిక్ దగ్గరకు వెళ్లేసరికి పదకొండవుతుంది, అప్పుడు ఏ లోపమూ కనపడదు. కొత్త బ్యాటరీ వేయించాను. ఇప్పుడు సెల్ఫ్ మోటారు మార్చమంటున్నారు. మార్చాలా?
– ఒక ఉపాధ్యాయుడు

జవాబు: మాస్టారూ, ఇప్పుడే మార్చకండి. మీరు చెప్పినదాంట్లో నాకు పట్టుకున్న మాట ‘లైట్లన్నీ ఆరిపోతాయి’ అన్నది. సెల్ఫ్ మోటారు ఒక్కటే పాడైతే మామూలుగా అలా పూర్తిగా ఆరిపోవు. బ్యాటరీ నుంచి కరెంటు వచ్చే దారిలోనో, తిరిగి వెళ్లే దారిలోనో ఎక్కడో పట్టు వదిలేస్తోంది. నా అనుమానం ముందుగా బ్యాటరీ టెర్మినళ్ల మీద, ఆ తర్వాత ఎర్త్ వైరు మీద, అంటే బ్యాటరీ నెగెటివ్‌ను ఇంజనుకూ బాడీకీ కలిపే తీగ మీద.

చలికీ దీనికీ సంబంధం ఉంది. చలిలో ఇంజనాయిల్ చిక్కబడుతుంది, ఇంజను తిప్పడానికి సెల్ఫ్ ఎక్కువ కరెంటు లాగుతుంది. అదే సమయంలో బ్యాటరీ బలం తగ్గుతుంది. తుప్పు పట్టిన జాయింటులో 0.01 ఓమ్ అడ్డంకి ఉందనుకోండి. డ్యాష్‌బోర్డులోని చిన్న బల్బుకు అది లెక్కలోకే రాదు. కానీ సెల్ఫ్ 150 ఆంపియర్లు లాగితే అక్కడే ఒకటిన్నర వోల్టు పోతుంది. జాయింటు వదులుగా కూడా ఉంటే ఆ లోడుకి పూర్తిగా వదిలేస్తుంది. అందుకే ‘లైట్లు వెలుగుతున్నాయి, కనెక్షన్ బాగానే ఉంది’ అన్న మాట నమ్మకూడదు.

లోపం ఉన్నప్పుడే పట్టుకోవాలి. కారును ముందురోజు సాయంత్రమే మెకానిక్ షెడ్డు దగ్గర వదిలి, రాత్రంతా ఆరుబయటే ఉంచమనండి. పొద్దున్నే, ఎవరూ ఒక్కసారి కూడా స్టార్టు చేయకముందే, మల్టీమీటరుతో చూడమనండి. కదలకుండా ఉన్న మంచి బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర చూపాలి. తర్వాత మీటరు ఒక తీగను బ్యాటరీ నెగెటివ్ సీసం పోస్టు మీదే, దానికి బిగించిన క్లాంపు మీద కాదు, రెండోదాన్ని ఇంజను దిమ్మ మీద ఆనించి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, సెల్ఫ్ కొట్టాలి. అర వోల్టు దాటి చూపిస్తే ఎర్త్ దారిలో లోపం ఉన్నట్టే. పాజిటివ్ పోస్టుకూ సెల్ఫ్ మోటారు లావు బోల్టుకూ మధ్య కూడా ఇలాగే చూడాలి.

మీటరు లేకపోయినా ఒక గుర్తు ఉంది. ఎర్త్ సరిగా లేని బండిలో కరెంటు వేరే దారి వెతుక్కుంటుంది. నాలుగైదుసార్లు సెల్ఫ్ కొట్టాక యాక్సిలరేటర్ కేబులో, క్లచ్ కేబులో పట్టుకుంటే వెచ్చగా తగులుతుంది. నెమ్మదిగా ముట్టుకోండి, ఒక్కోసారి బాగా కాలుతుంది.

చాలా ఏళ్ల కిందట ఇలాంటి కారుకే నేను సెల్ఫ్ మార్పించాను. వారం తిరక్కుండా ఆ బండి మళ్లీ వచ్చింది. చివరికి చూస్తే నెగెటివ్ కేబులు బయటికి నిగనిగలాడుతోంది, లగ్గు (కేబులు కొసన బోల్టుకు బిగించే లోహపు ముక్క) దగ్గర ప్లాస్టిక్ తొడుగు కోస్తే లోపల రాగి తీగలన్నీ పచ్చగా పొడైపోయి ఉన్నాయి. ఆ ఇంటాయన అనవసరంగా పెట్టిన ఖర్చు నాకు ఇప్పటికీ గుర్తే. అందుకే మీకింత గట్టిగా చెబుతున్నాను.

టెర్మినళ్లు శుభ్రం చేసేటప్పుడు ముందు నెగెటివ్ విప్పాలి, బిగించేటప్పుడు దాన్నే చివర బిగించాలి. తెల్లటి పొడిని వంటసోడా కలిపిన నీళ్లతో కడిగి, ఆరాక ఎమెరీ కాగితంతో మెరిసేదాకా రుద్ది, బిగించి, పైన పెట్రోలియం జెల్లీ రాయండి. ఇంజనుకూ బాడీకీ మధ్య ఉండే ఎర్త్ పట్టీ బోల్టు కింద పెయింటు, తుప్పు గీకడం మరచిపోవద్దు. పట్టీ పాతదైతే కొత్తది వేయించండి, సెల్ఫ్ మోటారుతో పోలిస్తే దాని ఖర్చు చాలా తక్కువ.

ఇవన్నీ సరిగ్గా ఉండి, చలి పొద్దుల్లో సెల్ఫ్ మోటారుకు పూర్తి వోల్టేజి అందుతున్నా తిరగకపోతే, అప్పుడు దాన్ని విప్పించండి.