ఫైళ్లకు ఏ సాఫ్ట్‌వేర్ తీసుకోవాలి?

ప్రశ్న: మా ఆఫీసులో బిల్లులు, ఒప్పందాలు ఈమెయిళ్లలో చెల్లాచెదురుగా ఉన్నాయి. ఆమోదానికి రోజులు పడుతోంది. డాక్యుమెంట్ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్ ఎలా ఎంచుకోవాలి?

జవాబు: డెమోలకు వెళ్లేముందు ఒక్క బిల్లు తీసుకుని, అది ఎవరి నుంచి ఎవరికి వెళ్తోందో రాసుకోండి. ఎక్కడ ఆగుతోందో అక్కడే మీకు ఆటోమేషన్ కావాలి. సంతకం పెట్టాల్సిన మనిషి సెలవులో ఉంటే ఫైలు ఎవరికి వెళ్తుంది? నేనైతే కంపెనీవాళ్లను మొదట ఇదే అడుగుతాను. దీనికి సూటిగా జవాబు రాకపోతే మిగతా హంగులు చూడక్కర్లేదు.

వెతుకులాటను మీ స్కాన్‌లతోనే పరీక్షించండి, వాళ్ల నమూనాలతో కాదు. తెలుగు కాగితాలుంటే ఓసీఆర్ (స్కాన్ బొమ్మలోని అక్షరాలను వెతకగలిగే టెక్స్ట్‌గా మార్చేది) తెలుగు చదవాలి. ఉచితంగా దొరికే టెసరాక్ట్ అనే ఓసీఆర్ సాఫ్ట్‌వేర్ తెలుగు చదువుతుంది. మసకబారిన జిరాక్స్ ఇస్తే మాత్రం తప్పులు వస్తాయి.

అన్నిటికన్నా నాకు టెన్షన్ పెట్టేది బయటికి వచ్చే దారి. రేపు ఆ సాఫ్ట్‌వేర్ మానేస్తే ఫైళ్లు ఒక్కటే వస్తే లాభం లేదు. తేదీలు, పాత వెర్షన్లు, ఎవరు ఎప్పుడు ఆమోదించారన్న చరిత్ర కూడా రావాలి. ఈ హామీ ఒప్పందంలో రాయించుకోండి. ఏళ్ల తరబడి దాచాల్సినవాటికి 2005లో ఐఎస్ఓ ప్రమాణమైన పీడీఎఫ్/ఏ ఫార్మాట్ అడగండి.