చిన్న వ్యాపారులకు టెక్నాలజీ గురించి ఏం రాయాలి?

ప్రశ్న: డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్నాను. టెక్నాలజీ రచయితగా స్థిరపడాలని కోరిక. చిన్న వ్యాపారాలు నడిపేవారి కోసం రాయడం మొదలుపెట్టాను. పది వ్యాసాలయ్యేసరికి అంశాలు అయిపోయాయి. ఏఐ, క్లౌడ్ అంటూ అందరూ రాసిందే నేనూ రాస్తున్నానని టెన్షన్‌గా ఉంది. పనికొచ్చే అంశాలు ఎలా దొరుకుతాయి? ఈ దారిలో ఉద్యోగాలు ఉన్నాయా?

జవాబు: కంగారు పడకండి. మీరు అంశాలను టెక్నాలజీ వార్తల్లోంచి తీసుకుంటున్నట్టున్నారు. ఆ వార్తలు అందరూ చదువుతారు కాబట్టి అందరి వ్యాసాలూ ఒకేలా ఉంటాయి. నలుగురైదుగురు ఉద్యోగులతో వ్యాపారం నడిపే మనిషికి వార్తలు చదివే తీరిక ఉండదు. పని ఆగిపోయినప్పుడో, లెక్క తేలనప్పుడో, నమ్మకంగా చేసే ఉద్యోగి ఉన్నట్టుండి మానేసినప్పుడో సమాధానం కోసం వెతుక్కుంటారు. మీరు ఉండాల్సింది అక్కడ.

తెలిసినవాళ్లెవరైనా చిన్న వ్యాపారం చేస్తుంటే, అనుమతి తీసుకుని ఒక పూట వాళ్ల కంప్యూటర్ పక్కన కూర్చోండి. ‘మీకు టెక్నాలజీతో ఇబ్బందులేంటి?’ అని మాత్రం అడగొద్దు. ‘ఏం లేదండీ, బాగానే నడుస్తోంది’ అంటారు. రోజూ పడే ఇబ్బంది అలవాటైపోయి ఇబ్బందిలా కనిపించదు. వాళ్ల చేతులు ఎక్కడ ఆగుతున్నాయో చూడండి.

నా సలహా మీద అలా కూర్చున్న, చదువుకుంటున్న ఒక అమ్మాయి చూసిన సంగతి చెబుతాను. లెక్కలు రాసే ఉద్యోగి ఎక్సెల్‌లో 16 అంకెల నంబరు కొట్టి ఎంటర్ నొక్కారు. గడిలో నంబరుకు బదులు మధ్యలో ‘ఈ’ అనే ఇంగ్లిష్ అక్షరంతో ఇంకేదో కనిపించింది. పైనున్న ఫార్ములా బార్‌లో చూస్తే చివరి అంకె సున్నా అయిపోయింది. మళ్లీ కొట్టారు, మళ్లీ అదే. ఇక లాభం లేదని పక్కనున్న నోటుపుస్తకంలో పెన్నుతో రాసుకున్నారు. అలాంటి నంబర్లు ఆ పుస్తకంలో అప్పటికే చాలా ఉన్నాయట! ఎక్సెల్ ఒక సంఖ్యలో 15 అంకెల వరకే కచ్చితంగా ఉంచుకుంటుంది, ఆ తర్వాతివి సున్నాలవుతాయి. నంబరు కొట్టకముందే గడిని టెక్స్ట్ ఫార్మాట్‌లోకి మారిస్తే చాలు. ఆ అమ్మాయి దీని మీదే ఒక వ్యాసం రాసింది.

ఇంత చిన్న విషయమా అనుకోకండి. 2020లో ఇంగ్లండ్‌లో దాదాపు 16 వేల కొవిడ్ పాజిటివ్ కేసులు సమయానికి లెక్కలోకి రాలేదు. పాత ఎక్సెల్ ఫార్మాట్‌లో 65,536 వరుసలకు మించి పట్టకపోవడమే కారణం. ప్రభుత్వ సంస్థకే అలా జరిగితే, ఒంటరిగా లెక్కలు చూసుకునే మనిషి సంగతి ఆలోచించండి.

మానేసిన ఉద్యోగి గురించి అన్నాను కదా, నా ఉద్దేశంలో అన్నిటికంటే తక్కువగా రాసిన అంశం అదే. వెబ్‌సైట్ డొమైన్, అంటే దాని చిరునామా, ఎవరి పేరు మీద ఉంది? బ్యాంకు ఓటీపీ ఎవరి ఫోనుకు వెళ్తోంది? కస్టమర్ల మెయిల్స్ వచ్చే ఖాతా పాస్‌వర్డ్ ఎవరికి తెలుసు? చాలా చోట్ల జవాబు ఎప్పుడో వెళ్లిపోయిన మనిషి పేరే. ఒక్కో ప్రశ్నా ఒక్కో వ్యాసం.

వార్తలను పూర్తిగా వదిలేయమని కాదు, వాటిని వ్యాపారి బల్ల దగ్గరికి తీసుకురండి. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే కంప్యూటర్ భద్రతా సంస్థ ఇచ్చిన అప్‌డేట్‌లో లోపం వల్ల సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నిలిచిపోయాయి. ‘కంప్యూటర్ తెరుచుకోని రోజు బిల్లులు ఎలా ఇస్తారు?’ అన్నది మీ వ్యాసం. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మామూలు సపోర్ట్ ముగిసింది. పాత కంప్యూటర్‌ను ఏం చేయాలో చెప్పండి. ఏఐ మీద రాయాలనుంటే, ఉద్యోగులు చాట్‌బాట్‌లో కస్టమర్ల వివరాలు పేస్ట్ చేస్తే ఏమవుతుందో రాయండి. గూగుల్ ట్రెండ్స్ కూడా చూడండి, అయితే జనం ఏ మాటతో వెతుకుతున్నారో తెలుసుకోవడానికే.

రాసే ముందు ఆ పని మీరే ఒకసారి చేసి చూడండి. బ్యాకప్ గురించైతే ఒక ఫైలును నిజంగా డిలీట్ చేసి, తిరిగి తెచ్చుకోండి. ఎక్కడ తికమకపడ్డారో అదే వ్యాసంలో ముఖ్యమైన భాగం అవుతుంది. ‘టాప్ 10 యాప్స్’ తరహా జాబితాల జోలికి మాత్రం వెళ్లకండి. వాడి చూడని యాప్‌ను మంచిదని రాస్తే, నమ్మి డబ్బు పెట్టేది ఆ చిన్న వ్యాపారే.

ఇక ఉద్యోగాల సంగతి. సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో టెక్నికల్ రైటర్లు, కస్టమర్ల కోసం సహాయ సమాచారం రాసేవాళ్లు, కంటెంట్ రైటర్లు ఉంటారు. ఇంటర్వ్యూలో చూపించడానికి ఇలా దగ్గరుండి చూసి రాసిన ఐదు వ్యాసాలు చాలు. వాటితోపాటు ఇన్‌వాయిస్, స్టాకు, రావాల్సిన బాకీల లెక్కలు కొంచెం నేర్చుకోండి. అవి తెలియకపోతే వ్యాపారి ఇబ్బంది కళ్లెదురుగా ఉన్నా మీకు కనిపించదు.

ఈ నెలలో రెండు చోట్ల ఒక్కో పూట కూర్చుని, చూసింది చూసినట్టు రాసుకోండి. ఆ నోట్స్ నాకు పంపితే ఏది ముందు రాయాలో కలిసి చూద్దాం.