అమీన్‌పూర్ చెరువు పక్కన ఫ్లాట్ కొనవచ్చా?

ప్రశ్న: మియాపూర్‌లో నెలకు 24,000 రూపాయల అద్దె ఇంట్లో ఉంటున్నాం. నా వయసు 34, మావారికి 37. ఇద్దరి జీతాలు కలిపి చేతికి 1,65,000 వస్తాయి. ఆరేళ్ల పాప, మా అత్తగారు మాతోనే ఉన్నారు. డిపాజిట్లు, మ్యూచువల్ ఫండ్లు కలిపి 40 లక్షలు కూడబెట్టాం. అమీన్‌పూర్‌లో చెరువుకు ఎదురుగా కడుతున్న గేటెడ్ కమ్యూనిటీలో 1,550 చదరపు అడుగుల ఫ్లాట్ చూశాం. చెరువు కనిపించే వైపు కాబట్టి 6 లక్షలు అదనం, మొత్తం 1.05 కోట్లు అంటున్నారు. రెండేళ్లలో అప్పగిస్తారట. బ్యాంకు 78 లక్షల రుణానికి ఒప్పుకుంది. బ్యాంకే ఒప్పుకున్నాక భూమికి ఇబ్బంది ఏముంటుందని ఏజెంటు అంటున్నాడు. ఈ వారమే 2 లక్షలు అడ్వాన్సు ఇవ్వాలట. ఇవ్వమంటారా?

జవాబు: ఈ వారం ఇవ్వకండి, అమ్మా. ఫ్లాట్ మంచిదా కాదా అన్నది తర్వాత చూద్దాం. ముందు ఏజెంటు చెప్పిన మాట సంగతి తేల్చుకోవాలి. బ్యాంకు లాయరు పత్రాలు చూసేది బ్యాంకు కోసం. ఆయన నివేదిక మీకు హామీ కాదు. రేపు ఆ కట్టడం చెరువు హద్దులో ఉందని తేలి కూల్చినా రుణం మీ పేరనే ఉంటుంది, ఈఎంఐ ఆగదు. ప్రభుత్వ ఉత్తర్వుతో కూల్చిన ఇంటికి బీమా పరిహారమూ రాదు. 2024 జులైలో చెరువుల ఆక్రమణలను తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా ఏర్పడిన తర్వాత చెరువుల పక్కన ఏం జరిగిందో మీరూ చూశారు. ఆ ఏడాది సెప్టెంబరులో అమీన్‌పూర్‌లోనే కూల్చివేతలు జరిగాయి. మీ జీవితంలో అతి పెద్ద కొనుగోలును ఒక ఏజెంటు నోటిమాట మీద నిలబెట్టవద్దు.

చెరువు నిండుగా ఉన్నప్పుడు నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో ఆ గీతను ఎఫ్‌టీఎల్ అంటారు. దాని లోపల ఇల్లు కట్టకూడదు. 2012 నాటి భవన నిర్మాణ నిబంధనల ప్రకారం పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఆ గీత నుంచి మరో 30 మీటర్లు, అంతకన్నా చిన్నదైతే 9 మీటర్లు బఫర్‌గా వదలాలి. పది మీటర్ల కన్నా వెడల్పైన నాలాకు 9 మీటర్లు, అంతకు లోపు వెడల్పైతే 2 మీటర్లు. అమీన్‌పూర్ చెరువు పది హెక్టార్లకు మించినదే, కాబట్టి మీకు 30 మీటర్ల లెక్క. హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) చెరువుల వెబ్‌సైట్‌లో ఒక్కో చెరువుకు సర్వే నంబర్లతో సహా పటాలు ఉంటాయి. అక్కడ ఒక జాగ్రత్త. ప్రాథమిక నోటిఫికేషన్, తుది నోటిఫికేషన్ అని రెండు ఉంటాయి. అభ్యంతరాలు విన్న తర్వాత గీత మారవచ్చు కనుక ప్రాథమిక పటం చూపించి అంతా బాగుందంటే సరిపోదు, తుది పటమే అడగండి. లైసెన్సు ఉన్న సర్వేయరును పెట్టుకుని మీ బ్లాకు ఆ గీతకు ఎంత దూరమో కొలిపించండి.

రెండో పని పాత రికార్డులు. బిల్డరు ఇచ్చిన సర్వే నంబరుకు 1954-55 ఖాస్రా పహాణీ (పాత భూమి రికార్డు) నుంచి ఇప్పటిదాకా చేతులు మారిన లింకు పత్రాలు, ముప్పై ఏళ్ల ఈసీ (ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల, తాకట్టుల వివరాల పత్రం) తీయించి, మీరు సొంతంగా పెట్టుకున్న లాయరుకు చూపించండి. పాత పహాణీలో ‘శిఖం’, అంటే చెరువు నీళ్లు నిలిచే భూమి అని కనిపిస్తే అక్కడితో ఆపేయండి. పట్టా ఉన్నా సరే, శిఖం భూమిలో నీళ్లు తగ్గినప్పుడు సాగు చేసుకోవచ్చు తప్ప ఇల్లు కట్టరాదు. పట్టా భూమేనని చెప్పి అమ్మేవాళ్లు ఈ రెండో సగం చెప్పరు. నీటిపారుదల, రెవెన్యూ శాఖల నిరభ్యంతర పత్రాలు, హెచ్‌ఎండీఏ అనుమతి, రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నంబరు కూడా చూడండి. రెరా నంబరు ఉంటే సరిపోతుందని అనుకోకండి, ఆ వెబ్‌సైట్‌లో బిల్డరు పెట్టిన పత్రాలను తెరిచి చదవాలి. లాయరుకూ సర్వేయరుకూ అయ్యే ఖర్చు దగ్గర వెనకాడవద్దు. కోటి రూపాయల వస్తువుకు అది చాలా తక్కువ.

అన్నీ సరిగ్గా ఉన్నా చూడాల్సింది ఇంకొకటి ఉంది. గీత బయట ఉన్న ఇల్లు వరదకు కూడా బయటే ఉన్నట్టు కాదు. కట్ట దిగువన, అలుగు (నిండిన చెరువు నీళ్లు పొర్లిపోయే చోటు) నీళ్లు పారే దారిలో ఉన్న ఇళ్లు కాగితం మీద ఎఫ్‌టీఎల్‌కు, బఫర్‌కు దూరంగానే కనిపిస్తాయి. 2020 అక్టోబరులో బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగినప్పుడు నీళ్లు దిగువ కాలనీలను ముంచెత్తాయి. కాబట్టి మీ చెరువు అలుగు ఎటు ఉంది, అక్కడి నుంచి నీళ్లు ఏ నాలా గుండా ఎటు పోతాయి, ఆ నాలా ఇప్పుడు ఎంత వెడల్పు మిగిలింది, ఇవి కనుక్కోండి. పెద్ద వాన పడిన మర్నాడు వెళ్లి పక్క అపార్ట్‌మెంట్ల కాపలాదార్లను అడగండి, సెల్లారులోకి నీళ్లు వస్తాయో లేదో వాళ్లే చెబుతారు. ఎండాకాలం సాయంత్రం ఒకసారి వెళ్లండి. వాసన, దోమలు, గుర్రపుడెక్క అప్పుడే తెలుస్తాయి. ఇంట్లో పెద్దావిడ ఉన్నారు, ఇది చిన్న విషయం కాదు. వేసవిలో ట్యాంకర్లకు నెలకు ఎంతవుతోందో కూడా ఆ పక్కవాళ్లనే అడగండి.

ఇక డబ్బు. 1.05 కోట్లు అన్నది మీరు కట్టే మొత్తం కాదు. నిర్మాణంలో ఉన్న ఫ్లాటుకు జీఎస్‌టీ 5 శాతం, అంటే 5.25 లక్షలు. స్టాంపు, రిజిస్ట్రేషన్ ఖర్చులు సుమారు 7.5 శాతం, దాదాపు 7.9 లక్షలు. అల్మారాలు, వంటగది, ఫ్యాన్లు, లైట్లకు తక్కువలో తక్కువ 8 లక్షలు వేసుకున్నాను. మొత్తం 1.26 కోట్లు. రుణం 78 లక్షలు పోను మీ చేతి నుంచి 48 లక్షలు కావాలి, మీ దగ్గర ఉన్నవి 40. మిగతా 8 లక్షలకు బంగారమో వ్యక్తిగత రుణమో అవసరం పడుతుంది. ఆపదకు దాచుకున్నది ఒక్క రూపాయి కూడా మిగలదు.

8.5 శాతం వడ్డీకి, ఇరవై ఏళ్లకు 78 లక్షల మీద ఈఎంఐ దాదాపు 67,700. నిర్మాణం పూర్తయ్యే దశలో బ్యాంకు మొత్తం విడుదల చేసినప్పుడు వడ్డీ ఒక్కటే నెలకు 55,000 దాటుతుంది, దాని పక్కన అద్దె 24,000 అలాగే ఉంటుంది. జీతంలో దాదాపు సగం అక్కడికే పోతుంది. అప్పగింత ఆలస్యమైతే ఆ సగం అన్ని నెలలూ అలాగే పోతుంది. ఇద్దరిలో ఒకరి ఉద్యోగం ఆరు నెలలు ఆగితే మీరు నిలబడలేరు. అదే నా భయం.

ఆ 6 లక్షల సంగతి కూడా చెబుతాను. రుణంలో కలిపి కడితే అది నెలకు 5,200 చొప్పున, ఇరవై ఏళ్లకు 12.5 లక్షలవుతుంది. 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా గుర్తింపు పొందిన చెరువు అది; దేశంలో ఒక పట్టణ చెరువుకు ఆ హోదా దక్కడం అదే మొదటిసారి. దాని పక్కన బతకాలనుకోవడం మంచి కోరిక, దాన్ని వదులుకోమని నేను అనను. కానీ పక్షులను చూడటానికి బాల్కనీయే అక్కర్లేదు. అదే కాలనీలో లోపలి వైపు ఫ్లాటులో ఉన్నా మీ పాప రోజూ చెరువు దగ్గరికి నడిచి వెళ్లగలదు.

నేనైతే మీకు చెప్పేది, ఆ చుట్టుపక్కలే ఓసీ (నిర్మాణం పూర్తయి నివాసానికి ఇచ్చే అనుమతి పత్రం) వచ్చి, నాలుగైదు వానాకాలాలు చూసిన ఫ్లాటును వెతకమని. అలాంటిది 85 లక్షలకు దొరికితే జీఎస్‌టీ ఉండదు. రిజిస్ట్రేషన్‌కు సుమారు 6.4 లక్షలు, మరమ్మతులకు 4 లక్షలు. మీ 40 లక్షల్లో 7 లక్షలు ముట్టుకోకుండా పక్కన పెట్టి 33 లక్షలు పెడితే, రుణం 62 లక్షల చిల్లర. ఈఎంఐ సుమారు 54,000, జీతంలో మూడో వంతు. చేరిన రోజు నుంచే అద్దె కూడా ఆగిపోతుంది. ధర 50 లక్షలు దాటుతుంది కనుక అమ్మేవారికి ఇచ్చే డబ్బులో 1 శాతం టీడీఎస్ (ముందే కోసే ఆదాయపు పన్ను) మీరే కోసి కట్టాలి, మరిచిపోకండి.

ఇంత తనిఖీ తర్వాత కూడా మనసు కొత్త ఫ్లాటు మీదే ఉంటే, చెరువు వైపు కాకుండా లోపలి బ్లాకు తీసుకోండి. పత్రాల పరిశీలనలో తేడా వస్తే అడ్వాన్సు మొత్తం వాపసు ఇస్తామని ముందే రాయించుకోండి. అగ్రిమెంటు రిజిస్టర్ చేయకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోవడానికి రెరా చట్టం బిల్డరును ఒప్పుకోదు. ఏది కొన్నా రుణం ఇద్దరి పేరనే తీసుకుంటారు కాబట్టి ఇద్దరూ విడివిడిగా టర్మ్ బీమా చేయించుకోండి. బ్యాంకువారు రుణంతో అంటగట్టే ఒకే ప్రీమియం పాలసీని తీసుకోవాలన్న నిర్బంధం ఏదీ లేదు. వద్దని రాతపూర్వకంగా చెప్పండి.