వైఫైలో ఆ కొత్త పేరు ఎవరిది?

ప్రశ్న: మా ఇంట్లో నాలుగు ఫోన్లు, ఒక ల్యాప్‌టాప్, ఒక టీవీ ఉన్నాయి. రూటర్ పేజీలో మాత్రం తొమ్మిది పరికరాలు కనిపిస్తున్నాయి. ఒకదాని పేరు ‘ఎస్ప్రెసిఫ్’, రెండింటికి అసలు పేరే లేదు. పక్కవాళ్లకు పాస్‌వర్డ్ తెలిసిపోయిందేమోనని టెన్షన్‌గా ఉంది. ఎలా కనుక్కోవాలి?

జవాబు: పక్కవాళ్లను అనుమానించే ముందు మీ ఇల్లంతా ఒకసారి చూసి రండి. వైఫై బల్బు గానీ స్మార్ట్ ప్లగ్ గానీ ఎక్కడైనా ఉందా? ఎస్ప్రెసిఫ్ షాంఘైలోని చిప్‌ల కంపెనీ. ఇలాంటి వస్తువుల్లో చాలావాటి లోపల ఉండేది దాని చిప్పే. ప్రతి పరికరానికీ 12 అంకెలు, అక్షరాలతో ఒక మ్యాక్ అడ్రస్ ఉంటుంది. అందులో మొదటి ఆరూ తయారీదారు కోడ్. రూటర్ దాన్ని బట్టే పేరు చూపిస్తుంది కాబట్టి చాలాసార్లు డబ్బా మీది బ్రాండు బదులు చిప్ కంపెనీ పేరు కనబడుతుంది. టీవీల విషయంలోనూ ఇలా జరుగుతుంది.

పేరు లేని ఆ రెండూ బహుశా మీ ఫోన్లే. ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు అసలు మ్యాక్ అడ్రస్ దాచి, ఒక్కో నెట్‌వర్క్‌కు ఒక్కో ఉత్తుత్తి అడ్రస్ ఇస్తున్నాయి. గుర్తుపట్టడం తేలికే: అడ్రస్‌లో రెండో స్థానంలో 2, 6, ఎ (A), ఇ (E) లలో ఏదైనా ఉంటే అది కల్పించినదే. ఫోన్ వైఫై సెట్టింగ్స్‌లో మీ నెట్‌వర్క్ వివరాలు తెరిచి, అక్కడి అడ్రస్‌ను రూటర్ పేజీతో పోల్చి చూడండి. కొన్ని రూటర్లు ఎప్పుడో వెళ్లిపోయిన ఫోన్లనూ జాబితాలో ఉంచుతాయి. నిన్న వచ్చిన చుట్టాల ఫోన్ కూడా అయి ఉండొచ్చు.

ఇంకా లెక్క తేలకపోతే ఒక్కో పరికరంలో వైఫై ఆపుతూ జాబితాలో ఏది మాయమవుతుందో చూడండి.

అప్పటికీ ఒకటి మిగిలితే పాస్‌వర్డ్ మార్చేయండి. ఆ ఒక్క అడ్రస్‌ను బ్లాక్ చేసి ఊరుకోవద్దు, అడ్రస్ మార్చుకుని మళ్లీ రావడం ఎవరికైనా సులువే. రూటర్ పేజీలో సెక్యూరిటీ, అంటే వైఫైకి తాళం వేసే పద్ధతి, డబ్ల్యూపీఏ2 (WPA2) లేదా డబ్ల్యూపీఏ3 (WPA3) ఉండాలి. పాస్‌వర్డ్ కొట్టకుండా బటన్‌తోనో పిన్‌తోనో పరికరాలను కలిపే డబ్ల్యూపీఎస్ (WPS) ఆపేయండి. రూటర్ పేజీలోకి వెళ్లే పాస్‌వర్డ్ ఇంకా ‘అడ్మిన్’ అనే ఉంటే దాన్నీ మార్చాలి, చాలామంది మరిచిపోయేది ఇదే. తర్వాత పరికరాలను ఒక్కొక్కటిగా కలుపుతూ, కనబడిన వెంటనే రూటర్ పేజీలోనే ‘హాల్ టీవీ’, ‘అమ్మ ఫోన్’ అని పేర్లు పెట్టుకోండి. చుట్టాలకు గెస్ట్ నెట్‌వర్క్ (అదే రూటర్‌లో అతిథుల కోసం వేరుగా ఉండే వైఫై) పాస్‌వర్డ్ విడిగా ఇవ్వండి.