సమాధానం: మౌనా లోవా, కిలౌయా తేదీలు ఎందుకు కలవడం లేదు

హవాయిలోని మౌనా లోవా, కిలౌయా అగ్నిపర్వతాల విస్ఫోటనాలతో మీరు వేసిన పట్టికలో తేదీలు, సంఖ్యలు ఎందుకు కలవడం లేదని అడిగారు. పెద్ద తప్పేమీ లేదండి, టెన్షన్ పడకండి. మౌనా లోవా చివరి విస్ఫోటనం ఒకచోట 1984, ఇంకోచోట 2022 అని ఉందన్నారు కదా, 1984 అని రాసినవి పాత పుస్తకాలు. 38 ఏళ్లు నిద్రపోయిన ఆ కొండ 2022 నవంబరు 27 రాత్రి పదకొండున్నరకు మళ్లీ లేచింది. కొన్ని జాబితాల్లో 28 అని కనిపించడానికి కారణం, అప్పటికి యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) ప్రకారం తేదీ మారిపోవడమే. హవాయి స్థానిక సమయమో, యూటీసీనో ఒకటి ఎంచుకుని పట్టికంతా దాన్నే పాటించండి.

అసలు చిక్కు కిలౌయాతోనే. దాని పక్క వాలు మీదున్న పూ ఓ ఓ అనే బిలం దగ్గర 1983 జనవరి 3న మొదలైన విస్ఫోటనం 2018 ఏప్రిల్ దాకా సాగింది. తొలి మూడున్నరేళ్లలోనే నలభైకి పైగా సార్లు లావా ఫౌంటెన్లా ఎగజిమ్మి, ఆగి, మళ్లీ ఎగజిమ్మింది. వాటిని ఎపిసోడ్లు అంటారు. మీరు ఒక్కో ఎపిసోడ్‌ను ఒక్కో విస్ఫోటనంగా లెక్కేశారు, అందుకే సంఖ్య అంత పెరిగింది. అదంతా ఒకే వరుసలో రాయండి. 2008లో కిలౌయా శిఖరం మీద హలెమా ఉమా ఉ అనే బిలంలో మొదలైన లావా సరస్సుకు మాత్రం వేరే వరుస ఇవ్వాలి, ఎందుకంటే రెండూ పదేళ్లు పక్కపక్కనే నడిచాయి.

ఇంకొకటి, కిలౌయా 1924 వరుసను దయచేసి తీసేయకండి. షీల్డ్ అగ్నిపర్వతం (లావా పారి పారి డాలులా వెడల్పుగా పెరిగిన కొండ) పేలదనుకుని దాన్ని అనుమానించారు. పల్చటి బసాల్ట్ లావా మామూలుగా పారుతుంది, నిజమే. కానీ ఆ మే నెలలో లావా సరస్సు దిగిపోయాక ఆవిరి పేలుళ్లు టన్నుల బరువున్న బండల్ని బయటికి విసిరాయి.